అరకు కొండల్లో కంప్యూటరు గాలి: క్యాబినెట్ కోయాలా, వద్దా?

కంప్యూటరు క్యాబినెట్‌కు రంధ్రం కోసి పెద్ద ఫ్యాన్ బిగించుకోవడం రిపేరు పని చేసేవాళ్లలో పాతికేళ్లుగా నలుగుతున్న విషయం. మైదానంలో దానికి కారణం ఎవరూ అడగరు. రేకుల షెడ్డులో నడిచే నెట్ సెంటరు మే నెలలో ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అదే పని అరకులోనో, పాడేరులోనో, చింతపల్లిలోనో చేస్తామంటే మాత్రం "ఇంత చలి ప్రాంతంలో ఇంకో ఫ్యాన్ ఎందుకండీ?" అనే మాట వస్తుంది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది. కొండ మీద గాలి పల్చన కాబట్టి ఉన్న ఫ్యాన్ సరిపోదు, ఇంకొకటి పెట్టి తీరాల్సిందేనని కొందరు మెకానిక్కులు గట్టిగా చెబుతారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే రెండూ అసలు సంగతిని పక్కన పెట్టేశాయి. ఈ ప్రశ్న మీద పోగైన అనుభవాన్నీ, పెద్ద కంపెనీలు చేసిన ప్రయోగాలనీ, తూర్పు కనుమల వాతావరణాన్నీ ఒకచోట చేర్చి చూస్తే జవాబు కాస్త వేరుగా వస్తుంది.

ఇది సరదా కోసం కంప్యూటరు అలంకరించుకునేవాళ్ల గొడవ మాత్రమే అనుకోకూడదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైన తర్వాత కొండ మీది చిన్న ఊళ్లకు కూడా కంప్యూటర్లు చేరాయి. ఆశ్రమ పాఠశాలల్లో, మీసేవ కేంద్రాల్లో, కాఫీ కొనుగోలు లెక్కల దగ్గర, ఫొటో స్టూడియోల్లో అవే పనిచేస్తున్నాయి. ముంచింగిపుట్టులోనో, పెదబయలులోనో ఒక మిషన్ ఆగిపోతే దాన్ని బస్సెక్కించి పాడేరుకో, ఇంకా పెద్ద పనైతే విశాఖపట్నానికో తీసుకెళ్లాలి. ఆ లోపు కుల ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవాల్సిన పిల్లలు వెనక్కి తిరిగి పోవాలి. మైదానంలో గంట ఆలస్యంతో పోయే పనికి ఇక్కడ వారం పడుతుంది. అందుకే పెట్టె లోపలి గాలి గురించి ఇంత వివరంగా మాట్లాడుకోవడం అవసరం.

కథ ఎక్కడ మొదలైందో ముందు చూద్దాం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్న ఫ్యాన్ కరెంటు సరఫరా చేసే డబ్బా (ఎస్ఎంపీఎస్) లోనిదే. ప్రాసెసర్ మీద ఫ్యాన్ అనే ఊహే అప్పటికి లేదు. 1993లో పెంటియం వచ్చాక ప్రాసెసర్‌కు సొంత ఫ్యాన్ మామూలైపోయింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పేరుతో బోర్డు, క్యాబినెట్ కొలతలు ప్రకటించినప్పుడు ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగి ప్రాసెసర్ మీదికి ఊదాలని రాసింది. ఆ డబ్బా లోంచి వచ్చేది అప్పటికే వేడెక్కిన గాలి కదా! తర్వాతి సవరణల్లో దిశ తిప్పేశారు. ఇప్పుడు మన క్యాబినెట్లన్నింటిలో ఎస్ఎంపీఎస్ గాలిని బయటికే తోస్తుంది. గాలి ఏ వైపు పోవాలో తయారుచేసినవాళ్లకే మొదట్లో స్పష్టత లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు కోతల కాలం ఆ తర్వాత వచ్చింది. 1990ల చివర, 2000ల మొదట్లో ప్రాసెసర్ల వేగం పెంచి నడిపే అలవాటు ముదిరింది. దుకాణంలో దొరికే క్యాబినెట్‌లో వెనక ఒక్క 80 మి.మీ. ఫ్యాన్‌కు మాత్రమే చోటుండేది, చాలాసార్లు అదీ ఖాళీ. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4 వంద వాట్లు దాటింది. క్యాబినెట్ లోపల ప్రాసెసర్ ఫ్యాన్‌కు అందే గాలి 38 డిగ్రీలు మించకూడదని ఇంటెల్ లక్ష్యం పెట్టింది. అందుకోసం పక్క తలుపుకు రంధ్రం, దానికి ఒక గొట్టం పెట్టించింది. అదే ఏడాది బీటీఎక్స్ అనే కొత్త అమరికను తెచ్చింది. రెండేళ్లలోనే 65 వాట్ల కోర్ 2 డుయో రావడంతో దాని అవసరం తీరిపోయి, బీటీఎక్స్ మూలపడింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అసెంబుల్ చేయించుకుని ఊళ్లకు తెచ్చుకున్న ఆ తరం క్యాబినెట్లు ఇప్పటికీ కొండ మీద కనిపిస్తాయి. లోపలి బోర్డు రెండుసార్లు మారినా పెట్టె అదే. కాబట్టి కోత ప్రశ్న ఇక్కడ ఇంకా బతికే ఉంది.

పల్చటి గాలి వాదన

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దగ్గర్లోని శిమిలిగూడ రైల్వే స్టేషను 996 మీటర్లకు పైనే. ఈ ఎత్తులో గాలి సాంద్రత సముద్ర తీరంతో పోలిస్తే ఎనిమిది, తొమ్మిది శాతం తక్కువ. ఫ్యాన్ నిమిషానికి తోసే ఘనపరిమాణం మారదు కానీ ఆ గాలి బరువు తగ్గుతుంది. వేడిని మోసుకుపోయేది గాలి బరువే. లెక్క వేసి చూద్దాం. 150 వాట్ల వేడి పుట్టే పెట్టె లోంచి నిమిషానికి 40 ఘనపుటడుగుల గాలి పోతోందనుకుంటే, విశాఖలో లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ తేడా దాదాపు 6.6 డిగ్రీలుంటుంది. అరకులో అదే 7.2 డిగ్రీలు అవుతుంది. హీట్ సింక్ రెక్కల దగ్గర కూడా పల్చటి గాలి కాస్త తక్కువగా పనిచేస్తుంది కాబట్టి ప్రాసెసర్ మీద ఇంకో రెండు మూడు డిగ్రీలు కలపాలి. మొత్తం కలిపినా మూడు, నాలుగు డిగ్రీల నష్టం.

ఇక లాభం వైపు. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని ప్రామాణిక లెక్క. రోజును బట్టి అటూ ఇటూ అయినా, ఘాట్ కింద శృంగవరపుకోటతో పోలిస్తే అరకు గాలి ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుందనుకోవచ్చు. నష్టాన్ని పూడ్చి ఇంకా మిగులుతుంది. సర్వర్ గదుల కోసం అష్రే అనే అమెరికన్ ఇంజనీర్ల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెబుతాయి. మామూలు సర్వర్ల తరగతికి గరిష్ఠంగా 35 డిగ్రీల గాలి అనుమతిస్తూ, 900 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గించుకోమంటారు. అరకు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. తూర్పు కనుమల్లో ఎత్తయిన అర్మకొండ 1680 మీటర్లు. దాని శిఖరం మీద కంప్యూటరు పెట్టినా మూడు డిగ్రీలు కూడా తగ్గించనక్కర్లేదు. పల్చటి గాలి పేరు చెప్పి క్యాబినెట్ కోయడానికి ఆధారం లేదు.

ఇక్కడ ఒక విషయం మరవకూడదు. ఏజెన్సీ అంటే అంతా అరకే కాదు. శబరి ఒడ్డున చింతూరు, శబరి గోదావరిలో కలిసేచోట కూనవరం కూడా ఏజెన్సీలోవే. అవి లోతట్టు ఊళ్లు. వేసవిలో 45 డిగ్రీల దగ్గర ఉడికిపోతాయి. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున సున్నాకు చేరువయ్యే చలీ, చింతూరు మే ఎండా ఒకే ఏజెన్సీలో ఉన్నాయి. రెండు చోట్లకూ ఒకే రకం పెట్టె పంపి, ఒకే మరమ్మతు చెప్పడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది.

వేడి నిజంగా ఎంత చెడ్డది?

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందనే సూత్రం రిపేరు షాపుల్లో వేదవాక్కులా నడుస్తోంది. ఎలక్ట్రోలైట్ కెపాసిటర్ల విషయంలో అది చాలావరకు నిజమే. మొత్తం కంప్యూటరుకు దాన్ని అంటగట్టడం మాత్రం సరికాదని గత రెండు దశాబ్దాల పరిశీలనలు చెబుతున్నాయి. గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా హార్డ్ డిస్కుల చరిత్ర పరిశీలించారు. మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో వేడికీ డిస్కు చెడిపోవడానికీ బలమైన సంబంధం కనపడలేదు. పైగా మరీ చల్లగా నడిచిన డిస్కుల్లో వైఫల్యం ఎక్కువగా కనిపించింది. బాగా వేడెక్కినవాటిలో, అందులోనూ పాతబడినవాటిలో మాత్రమే వేడి ప్రభావం తేలింది.

మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఇద్దరు 2007 నవంబరు నుంచి 2008 జూన్ దాకా ఐదు సర్వర్లను ఒక గుడారంలో పెట్టి నడిపారు. వాన నీళ్లు ర్యాక్ మీద కారాయి, ఒక సర్వరు ముందు భాగానికి ఎండుటాకు వచ్చి అతుక్కుంది. ఒక్కటీ చెడిపోలేదు. చదవడానికి ఉత్సాహంగా ఉంటుంది కానీ ఐదు మిషన్లు, ఎనిమిది నెలల లోపు కాలం చాలా చిన్న సాక్ష్యం. ఇంటెల్ దాదాపు అదే కాలంలో న్యూమెక్సికోలో చేసిన ప్రయోగం ఇంకా గట్టిది. సుమారు 900 సర్వర్లు తీసుకుని, సగాన్ని ఏసీతో, సగాన్ని నేరుగా బయటి గాలితో పది నెలలు నడిపారు. తేమ మీద అదుపు లేదు, వడపోత నామమాత్రం. సర్వర్ల మీద దుమ్ము పొర కట్టింది. బయటి గాలితో నడిచినవాటిలో 4.46 శాతం చెడిపోయాయి. వాళ్ల ప్రధాన కేంద్రంలో అదే కాలంలో ఆ అంకె 3.83 శాతం. తేడా ఉంది కానీ భయపడేంత కాదు.

ఈ ఫలితాలు చూపించి "అరకులో ఏం పెట్టకపోయినా నడుస్తుంది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. న్యూమెక్సికో ఎడారి నేల. అక్కడి దుమ్ము పొడిది, ఊదితే పోతుంది. మన కొండల మీద దుమ్ముకు తడి తోడవుతుంది, పొయ్యి పొగ తోడవుతుంది. దీనికి దగ్గరి ఉదాహరణ ఫేస్‌బుక్ వాళ్ల ప్రైన్‌విల్ సర్వర్ కేంద్రంలో జరిగింది. 2011 వేసవిలో గాలిని నీటితో చల్లబరిచే వ్యవస్థలో నియంత్రణ తప్పి, 95 శాతం తేమ ఉన్న వెచ్చటి గాలి సర్వర్ల మీదికి వచ్చింది. లోపల మబ్బు కమ్మినట్టయి, తడి పట్టిన విద్యుత్ సరఫరా యూనిట్లు చెడిపోయాయి. ఆ తర్వాత ఆ యూనిట్ల చుట్టూ తడి చొరకుండా రబ్బరు సీలు పెట్టించారు. కోట్ల డాలర్ల కేంద్రానికి పొరపాటున ఒకసారి జరిగినది, జూలై నుంచి అక్టోబరు దాకా మన సచివాలయం గదిలో కిటికీ తీసి ఉంచితే రోజూ జరగడానికి వీలున్న పరిస్థితే.

తడి, పొగ, దుమ్ము

తేమ విషయంలో ఒక లెక్క తెలుసుకుంటే ఈ ప్రశ్న సగం తేలిపోతుంది. వానాకాలపు ఉదయం, గదిలో 20 డిగ్రీలు, తేమ 95 శాతం అనుకుందాం. ఆ గాలి క్యాబినెట్ లోకి వెళ్లి 28 డిగ్రీలకు వేడెక్కితే, నీరు అంతే ఉన్నా సాపేక్ష తేమ 59 శాతానికి దిగుతుంది. అంటే బోర్డు తన వేడితో తానే పొడిగా ఉంటోంది. ఇప్పుడు ముందు రెండు, వెనక ఒకటి, పక్కన ఒకటి అని ఫ్యాన్లు దట్టించి, లోపలి గాలిని 23 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వలేదనుకోండి. తేమ 79 శాతం దగ్గరే ఆగుతుంది. దుమ్ములో లవణాలుంటే తేమ ఎక్కువైన కొద్దీ అవి నీరు పీల్చుకుని కరెంటును పారనిచ్చే పొరగా మారతాయి. బోర్డు మీద ఆకుపచ్చ చిలుం, ర్యామ్ కాంటాక్టులు నల్లబడటం, తీసి రబ్బరుతో తుడిచి పెడితే మళ్లీ పనిచేయడం, ఇవన్నీ కొండ మీది మెకానిక్కులకు రోజువారీ విషయాలు. అందుకే ఇక్కడ అతిగా చల్లబరచడం మేలు చేయదు. వానాకాలంలో ఐదారు డిగ్రీలు వెచ్చగా నడిచే పెట్టే ఎక్కువ కాలం బతుకుతుంది. మైదానంలో పుట్టిన "ఎన్ని ఫ్యాన్లుంటే అంత మంచిది" అనే సలహా ఘాట్ ఎక్కగానే తలకిందులవుతుంది.

ప్రమాదం ఎక్కువగా మిషన్ ఆగి ఉన్నప్పుడు. రాత్రంతా చలికి ఇనుప పెట్టె చల్లబడి ఉంటుంది. తెల్లవారి తలుపులు తీసి, జనం వచ్చి, గదిలో వెచ్చటి తడి గాలి చేరగానే ఆ చల్లటి రేకు మీద మంచు పడుతుంది. ఏ ఫ్యాన్ కూడా దీన్ని ఆపలేదు. పెట్టెను నేల మీదా, గోడకు ఆనించీ ఉంచకుండా బల్ల మీద పెట్టడం, పొద్దున గది వెచ్చబడ్డాక కొంతసేపు ఆగి స్విచ్ వేయడం, వానల్లో సెలవులొచ్చినా రోజుకు కాసేపు నడపడం, ఇవే మందులు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విరుచుకుపడ్డాక కొండ మీద చాలా ఊళ్లకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. అలాంటప్పుడు నడపడానికి వీలుండదు కాబట్టి, కరెంటు వచ్చాక ముందు తలుపు తీసి ఆరబెట్టి, తర్వాతే ఆన్ చేయాలి.

దుమ్ము మాటకొస్తే కొండ దుమ్ము ఒక్క రకం కాదు. ఎర్రమట్టి రోడ్డు దుమ్ము సన్నగా ఉండి హీట్ సింక్ రెక్కల మధ్య పేరుకుంటుంది. చోళ్లు, సామలు నూర్చే కాలంలో పొట్టు, కాఫీ పప్పు తీసే చోట పైతొక్క నలుసులు ఎగిరి వస్తాయి. అన్నింటికంటే మొండిది కట్టెల పొయ్యి పొగ. వంటగది పక్కనే కంప్యూటరున్న హాస్టళ్లలో ఫ్యాన్ రెక్కలు విప్పి చూస్తే నూనె జిడ్డులాంటి నల్లటి పొర ఉంటుంది. దాని మీద పడ్డ దుమ్ము బ్లోయర్‌తో ఊదినా రాదు, స్పిరిట్ ముంచిన బ్రష్షుతో గీకాలి. వీటికి తోడు బల్లులు, బొద్దింకలు, ఎలుకలు. వెనక కార్డు తీసేసిన చోట మూసే రేకు ముక్క పోయిందంటే ఎలుకకు దారి దొరికినట్టే. పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టే అలవాటు నెట్ సెంటర్లలో చాలా ఉంది. మైదానంలో అది ఆపద్ధర్మంగా నడవొచ్చు. కొండ మీద ఆ పని చేయడమంటే పొగనీ, బల్లినీ లోపలికి పిలవడమే.

కోయాల్సివస్తే ఎక్కడ, ఎలా

ఇన్ని చెప్పాక కూడా కోతకు చోటు లేదనను. పాత క్యాబినెట్ వెనక ఫ్యాన్ ఎదురుగా ఉండే రేకును చూడండి. సన్నటి చీలికలు కొట్టి ఉంటాయి, దాదాపు సగం చోటు లోహమే మూసేస్తుంది. గాలికి అడ్డం, పైగా పొగ జిడ్డుకు ఆ చీలికలు తొందరగా పూడుకుపోతాయి. ఆ చీలికల భాగాన్ని రేకు కత్తెరతో ఒక్కో కమ్మీ కత్తిరించి తీసేసి, బదులుగా తీగ జాలీ బిగిస్తే చాలు. ఉన్న ఫ్యాన్ అదే వేగంతో ఎక్కువ గాలి తోస్తుంది, ఈల వేసినట్టుండే చప్పుడూ తగ్గుతుంది. డ్రిల్లు అక్కర్లేదు, ఖర్చు నామమాత్రం. నా అభిప్రాయంలో అరకు కొండల్లో అందరూ చేసుకోదగిన కోత ఇదొక్కటే.

రెండోది ముందు వైపు కింద 120 మి.మీ. ఫ్యాన్‌కు చోటు చేయడం. 80 మి.మీ. ఫ్యాన్‌తో పోలిస్తే దీని వైశాల్యం రెండుంపావు రెట్లు. అందుకే నిమిషానికి వెయ్యి చుట్లతోనే చిన్న ఫ్యాన్ రెండున్నర వేలు తిరిగినంత గాలి ఇస్తుంది. వేగం సగమైతే ఫ్యాన్ తినే కరెంటు ఎనిమిదో వంతుకు, చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతాయి. అంతకంటే ముఖ్యం, నెమ్మదిగా వచ్చే గాలి ముందు వడపోత గుడ్డ పెట్టడం తేలిక. ముందు నుంచి వడగట్టిన గాలి ఎక్కువగా లోపలికి వచ్చి, వెనక నుంచి కాస్త తక్కువగా బయటికి పోతుంటే, పెట్టెలోని ప్రతి సందు నుంచీ గాలి బయటికే తన్నుతుంది. దుమ్ముకు వడపోత తప్ప ఇంకో దారి ఉండదు. కోత కోయడానికి న్యాయమైన కారణం ఇదే. వేడి తగ్గడం దాంతోపాటు వచ్చే లాభం.

పని తెలిసినవాళ్లు దీన్ని ఎలా చేస్తారో చెబుతాను. బోర్డు, ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్కు, వైర్లతో సహా అన్నీ విప్పి, ఖాళీ రేకు పెట్టె మాత్రమే మిగలాలి. ఇక్కడ బద్ధకిస్తే పని మొత్తం పాడవుతుంది. ఇనుప రజను ఒక్కటి బోర్డు కింద చిక్కుకున్నా షార్టవుతుంది. ముందు ప్లాస్టిక్ ముఖానికీ లోపలి డిస్కు అరకీ మధ్య 25 మి.మీ. మందం పట్టే ఖాళీ ఉందో లేదో కొలవాలి. రేకు మీద కాగితం టేపు అతికించి, దాని మీద ఫ్యాన్ పెట్టి గీసుకోవాలి. 120 మి.మీ. ఫ్యాన్‌కు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., గాలి రంధ్రం 115 మి.మీ. దగ్గర ఉండాలి. నాలుగున్నర అంగుళాల హోల్ సా దొరికితే ఒకే దెబ్బకు గుండ్రంగా వస్తుంది. 80 మి.మీ. ఫ్యాన్‌కైతే స్క్రూల దూరం 71.5, 140 మి.మీ.కి 124.5. గ్రిల్స్ చేసే వెల్డింగు షాపుకు తీసుకెళ్తే గ్రైండరు పట్టుకుంటారు. ఒప్పుకోకండి. అర మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న రేకు ఆ వేడికి వంకరపోతుంది, నిప్పురవ్వలకు చుట్టూ పెయింటు కాలుతుంది. జిగ్సా గానీ, ఓపికగా రేకు కత్తెర గానీ మేలు.

కోశాక అంచును ఆకురాయితో రుద్దాలి. ఆ తర్వాతి మెట్టును మైదానంలో చాలామంది వదిలేస్తారు, కొండ మీద వదిలేస్తే కుదరదు. క్యాబినెట్ రేకుకు జింకు పూత ఉంటుంది. కోసిన అంచున ఆ పూత పోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. ఒక్క వానాకాలం చాలు, తుప్పు పొడి రాలి ఫ్యాన్ ముందుకే వస్తుంది. ఎమరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు వేసి, ఆరాక రబ్బరు బీడింగు తొడగాలి. గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో పెట్టె మూలమూలా తడిమి రజను ఏరాలి. అన్నీ బిగించాక అగరవత్తి వెలిగించి ముందు వడపోత దగ్గర, వెనక జాలీ దగ్గర, పక్క సందుల దగ్గర పట్టి చూడండి. ముందు పొగ లోపలికి పోవాలి, సందుల దగ్గర బయటికి తోసుకురావాలి. అలా రాకపోతే వెనక ఫ్యాన్ వేగం తగ్గించాలి.

ఫ్యాన్ ఎంపికలో నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకాన్ని తీసుకోవాలి. చలికాలం ఉదయం నెమ్మదిగా, ఎండవేళ వేగంగా తిరిగేలా బయోస్‌లో పెట్టుకోవచ్చు. పైన చెప్పిన తేమ లెక్క ప్రకారం మన కొండలకు ఈ సదుపాయం తప్పనిసరి. పాత బోర్డులో మూడు పిన్నులే ఉంటే తక్కువ వేగం ఫ్యాన్ కొనుక్కోవాలి. వడపోతకు సన్నటి నైలాన్ జాలీ గుడ్డ పనికొస్తుంది, వారానికోసారి దులపాలి. మలేరియా నివారణ కోసం ఇంటికిచ్చిన మందు దోమతెరను మాత్రం ఇందుకోసం కత్తిరించవద్దు. అది మనుషుల ప్రాణం కాపాడటానికి ఇచ్చింది.

పై రేకుకు రంధ్రం కోయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన ఫ్యాన్ సహజమనిపిస్తుంది, కొత్త క్యాబినెట్లలో తయారీదార్లే పెడుతున్నారు. కానీ రేకుల కప్పు కింద తెల్లవారుజామున మంచు బొట్లు బొట్లుగా రాలుతుంది. పెంకుటిల్లయితే వానకు ఎక్కడో ఒకచోట చినుకు దిగుతుంది. పైన జాలీ ఉన్న పెట్టె కొనేసి ఉంటే, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు స్క్రూలతో బిగించి మూసేయడం మంచిది. మైదానంలో కోత పెట్టేచోటనే కొండ మీద మూత పెట్టాల్సివస్తోంది.

చింతూరు, కూనవరం లాంటి చోట్ల ఈ తీర్పు మారుతుంది. అక్కడ 42 డిగ్రీల గది గాలి లోపలికి వస్తే, పెట్టెలో పది డిగ్రీలు పెరిగినా ప్రాసెసర్ ఫ్యాన్‌కు అందేది 52. ఇంటెల్ పెట్టిన 38 డిగ్రీల హద్దు వేసవి మధ్యాహ్నం గదిలోనే దాటిపోతుంది. అలాంటిచోట ముందు, వెనక రెండూ 120 మి.మీ. ఫ్యాన్లకు కోయడం సమంజసమే. దాంతోపాటు బయోస్‌లో ప్రాసెసర్ వాట్ల పరిమితి తగ్గించుకుంటే పుట్టే వేడే తగ్గుతుంది.

కోయకముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. చాలా సందర్భాల్లో వాటితోనే సమస్య తీరిపోతుంది. తలుపున్న కంప్యూటరు టేబుల్ అరలో పెట్టెను దూర్చి ఉంచితే ఎన్ని ఫ్యాన్లున్నా అదే వేడి గాలిని మళ్లీ మళ్లీ పీలుస్తాయి. ముందు దాన్ని బయటికి తీయాలి. ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చాలి. హీట్ సింక్ విప్పి కడగాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగు ఉందో లేదో చూడాలి, పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటున్న చోట డ్రిల్లు కంటే ముందు ఎలక్ట్రీషియన్ కావాలి. కొత్తగా కొనేవాళ్లయితే తక్కువ వాట్ల మినీ పీసీలు, ఎస్ఎస్‌డీలు చూసుకుంటే ఈ తలనొప్పిలో ముప్పాతిక వంతు ఉండదు.

బడుల సంగతి విడిగా చెప్పాలి. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ పద్ధతిలో కంప్యూటర్లు ఇచ్చారు. ఒకే క్యాబినెట్‌లో కార్డు పెట్టి, దాని మీద పలువురు పిల్లలు తలా ఒక మానిటరు ముందు కూర్చుంటారు. ఖర్చు ఆదా అయ్యే మంచి ఆలోచనే. అయితే ఆ ఒక్క పెట్టెలో ఫ్యాన్ ఆగితే బెంచీ అంతా ఆగిపోతుంది. ఇప్పటికీ ల్యాబుల కోసం పెట్టెలు కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు, ర్యామ్ సైజు మీద చూపే శ్రద్ధ గాలి దారి మీద కనిపించదు.

అందుకని ఏజెన్సీ బడులకు, సచివాలయాలకు కంప్యూటర్లు కొనే అధికారులకు నా విన్నపం ఇది. టెండరు పత్రంలో నాలుగు మాటలు చేర్చండి: ముందు వైపు విప్పి కడుక్కునే వడపోతతో 120 మి.మీ. ఫ్యాన్, వెనక తీగ జాలీ, పైన రంధ్రం లేని రేకు, వేగం మారే నాలుగు పిన్నుల ఫ్యాన్. లోతట్టు మండలాలకు పంపే పెట్టెల్లో వెనక కూడా 120 మి.మీ. ఫ్యాన్ అడగండి. ఇవి బజారులో మామూలుగా దొరికేవే, ఒక్కో పెట్టెకు అయ్యే అదనపు ఖర్చు ఆ పెట్టెను పాడేరు నుంచి విశాఖకు ఒక్కసారి రిపేరుకు పంపే ఖర్చును మించదు.